కుయ్‌మంటే కుబేరుడే

మన నర్సంపేట వైపు గుప్తనిధి దొరికినవాడు ఎట్లా ఉంటాడో చూసినవాళ్ళు లేరు. దొరికిపోయినవాడు మాత్రం అందరికీ పరిచయమే. పేపర్లో జిల్లా పేజీ తిప్పితే కనిపిస్తాడు. పోలీసు స్టేషను వరండాలో, బల్ల వెనకాల, మొహానికి గుడ్డ కప్పుకొని, నలుగురైదుగురితో వరసగా నిలబడి ఉంటాడు. బల్ల మీద సామాను పరిచి ఉంటుంది: మెటల్ డిటెక్టరు ఒకటి, గడ్డపారలు రెండు, పార, తట్ట, అరడజను నిమ్మకాయలు, పసుపు కుంకుమ పొట్లాలు, పీచు తీయని కొబ్బరికాయ, కారు తాళంచెవి, ఆరు సెల్‌ఫోన్లు. స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో నిధి ఒక్కటే ఉండదు. ఇన్నేళ్ళుగా మన గుళ్ళ కింద, గుట్టల కింద తవ్వినవాళ్ళ దగ్గర బయటపడ్డ సంపదంతా ఒకచోట పోగేస్తే పెద్ద కుప్ప సెల్‌ఫోన్లదే అవుతుంది.

ఇదివరకు ఇట్లాంటి పని చేసేవాణ్ణి ఊళ్ళో దొంగ అనేవారు. ఇప్పుడాయనకు హాబీ ఉంది. రాత్రి తిన్నాక మంచంలో పడుకొని ఫోన్లో తెల్లోళ్ళ వీడియోలు చూస్తాడు. పచ్చిక బయలు, నెత్తిన టోపీ, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కర్ర, కర్ర చివర పళ్ళెం. పళ్ళెం కుయ్‌మంటుంది. బెత్తెడు పారతో ఇంత మట్టి తీస్తారు, నాణెం తుడుస్తారు, నవ్వుతారు. మనవాడికి ఇక నిద్ర పట్టదు. రోము నుంచి వచ్చిపోయినవాళ్ళు జేబులోంచి జార్చుకున్న చిల్లరే అక్కడ అంత దొరికితే, కాకతీయులు కాపురం ఉండి ఏలిన ఓరుగల్లు చుట్టుపక్కల ఎంత ఉండాలి? నర్సంపేట వాళ్ళకు లెక్కలు రావని ఎవరన్నారు?

డిటెక్టరు ఆర్డరు పెడతాడు, పెట్టె వస్తుంది. బ్యాటరీలు వేస్తాడు. ముందు ఇంట్లో ట్రయల్ చూడాలి కదా. భార్యను పిలిచి, మెడలోని పుస్తెలతాడు తీసి నేల మీద పెట్టమంటాడు. పళ్ళెం దాని మీదికి రాగానే మిషను కుయ్‌మంటుంది. ఆయన మొహం వెలిగిపోతుంది. ఆమె మొహం చూసే తీరిక ఆయనకు లేదు. చెప్పొచ్చేదేమిటంటే, ఆ మిషను జీవితం మొత్తంలో పట్టుకున్న అసలు సిసలు బంగారం అదొక్కటే. దాని లెక్క మళ్ళీ వస్తుంది.

మిషనును తిట్టకూడదు, పాపం. దానికి చేతనైంది అది చేస్తుంది. పళ్ళెంలోని తీగచుట్ట మట్టిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపిస్తుంది. దారిలో లోహమేదన్నా ఉంటే అందులో సన్నటి విద్యుత్తు పుడుతుంది, అది తిరుగు జవాబిస్తుంది, పళ్ళెం ఆ జవాబు విని అరుస్తుంది. లోహం ఉందని చెప్పగలదు. ఏ లోహమో ఊహించగలదు. ఊహలో తప్పులుంటాయి. ముఖ్యంగా ఒక తప్పు మన దేశానికే తగిలించినట్టుంటుంది: పల్చటి బంగారు నగ, పల్చటి అల్యూమినియం రేకు, రెండూ దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. అంటే ముక్కుపుడకకూ గుట్కా పాకెట్టుకూ మిషను దృష్టిలో తేడా అంతంతమాత్రం. మన పత్తి చేలల్లో, మక్క చేలల్లో, బస్టాండు వెనక ఖాళీ జాగల్లో ఈ రెంటిలో ఏది ఎక్కువ పూడ్చిపెట్టి ఉందో మీరే చెప్పండి. గుట్కా రేకు తర్వాత వరసగా సోడా మూత, పురుగుమందు డబ్బా మూత, కల్టివేటరు బోల్టు, అరిగిపోయిన ఎద్దు నాడా. ఎద్దు నాడా దొరికిన రోజు మనవాడు కాకతీయుల అశ్వదళం దాకా వెళ్ళి వస్తాడు.

లోతు సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలు డిటెక్టరు ఒంటరి నాణేన్ని జానెడు లోతులో పట్టుకుంటుంది, మహా అయితే మూరెడు. బిందెంత వస్తువైతే ఇంకాస్త లోతున. ప్రకటనలో మాత్రం ముప్పై అడుగులు అని ఉంటుంది. అంతకంటే ఖరీదైన సరుకు ఇంకొకటుంది: పిడికి ఏంటెనా బిగించి, దూరం నుంచే బంగారం దిక్కు చూపుతుందని అమ్మేది. ఇటువంటి దానితో ప్రపంచాన్ని ముంచినవాడి కథ మనవాడు వినలేదు. జేమ్స్ మెక్‌కార్మిక్ అనే ఇంగ్లండు వ్యాపారి, గోల్ఫ్ బంతులు వెతికి పెడుతుందని చెప్పి అమ్మే ఆటబొమ్మను చూసి దాన్నే బాంబు డిటెక్టరుగా మార్చి ఇరాక్ సర్కారుకు వేల డాలర్ల లెక్కన అమ్మాడు. చెక్‌పోస్టుల దగ్గర సైనికులు దాన్ని పట్టుకొని నిలబడ్డారు. లోపల పనిచేసే భాగమే లేదు. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ళ జైలు వేసింది. ఇరాక్ సైన్యమే నమ్మినప్పుడు నర్సంపేట భూముల బ్రోకరు నమ్మడంలో వింతేముంది?

ఇక మన నేల. చెలక నేల, ఎర్రమన్ను, అందులో ఇనుము పాలు బాగా ఉంటుంది. పక్కనే బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజమే ఉంది. ఇట్లాంటి మట్టి మీద మిషనును సరిగా సర్దుకోకపోతే అది అడుగడుగునా కుయ్యో మొర్రో అంటుంది. తవ్వితే ఏమీ ఉండదు. మిషను అబద్ధం చెప్పిందని ఒప్పుకోవడానికి మనవాడికి మనసొప్పదు, ముప్పై వేలు పోశాడు మరి. వెంట వచ్చిన స్వామి ఆదుకుంటాడు. "నిధి జరిగింది," అంటాడు. మనుషుల వాసన తగిలితే నిధి భూమిలోనే పక్కకు జరుగుతుందట. ఇంత పక్కాగా అల్లిన సిద్ధాంతం నేను విశ్వవిద్యాలయాల్లో కూడా చూడలేదు. దొరికితే స్వామి గొప్ప, దొరక్కపోతే నిధి కాళ్ళ గొప్ప.

స్వామి మాటొచ్చింది కాబట్టి జట్టు గురించి చెప్పాలి. ఇది ఒక్కడివల్ల అయ్యే హాబీ కాదు. పెట్టుబడి పెట్టేవాడొకడు, ప్లాట్ల బేరాల్లో నాలుగు డబ్బులు చూసినవాడు. మిషను వాడొకడు. అంజనం వేసే స్వామి ఒకడు. పిల్లవాడి గోటి మీదో తమలపాకు మీదో కాటుక పూసి, లంకెబిందెలు కనిపిస్తున్నాయా అని అడుగుతాడు, కనిపిస్తున్నాయి అనేదాకా అడుగుతాడు. కారు నడిపేవాడొకడు. ఆఖరివాడు తవ్వేవాడు. రాత్రి కూలి వెయ్యి రూపాయలు, ఒక క్వార్టరు. ఊరివాళ్ళ టార్చిలైటో జీపు లైటో పడగానే నలుగురూ తలో దిక్కు పరుగెత్తుతారు. గుంతలో నడుం లోతున ఉన్నవాడు ఎటు పోతాడు? పేపరు ఫొటోలో ముందు వరస వీడిదే. లంకెబిందెల్లో వీడి వాటా ఎంత అని ఎవరూ ముందే మాట్లాడుకోలేదు, కేసులో మాత్రం సమాన వాటా.

"ఏం దొరికిందన్నా?" అని ఎప్పుడన్నా అడిగి చూడండి.

"దొరికితే నీకు చెప్తనా తమ్మీ?"

"అంటే దొరకలేదా?"

"దొరకలేదని నీకెవరు చెప్పిన్రు?"

ఇక్కడితో సంభాషణ ముగుస్తుంది. వెంటనే ఇంకోటి మొదలవుతుంది. బియ్యాన్ని తనవైపు లాగే గిన్నె ఒకటి ఫలానా వాళ్ళ దగ్గరుందని, అందులో ఇరిడియం ఉందని, నాసా వాళ్ళు కోట్లిచ్చి కొంటారని, ముందు పరీక్షల ఖర్చు మనం పెట్టుకోవాలని. నాసావాళ్ళకు చంద్రుడి దాకా పోవడానికి దారి తెలుసు గానీ, ఇరిడియం కొనాలంటే మాత్రం మన లాడ్జీ గదికే రావాలి.

ఎక్కడ తవ్వాలి అన్నదానికి వీళ్ళ దగ్గరొక శాస్త్రం ఉంది. వీరగల్లు మీద వీరుడి కత్తి ఎటు చూపితే అటు. రాతి మీద సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటే అక్కడ తప్పకుండా. శాసనాల మీద సూర్యచంద్రుల్ని చెక్కేది, వాళ్ళు ఉన్నంత కాలం ఈ దానం నిలవాలని. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన మాట మనవాడి కంటికి నిధి మీద వేసిన సీలు. సీలు ఉంది కాబట్టి పగలగొట్టాడు. ఇంకో సూత్రం: నంది చూపు ఎటు ఉంటే నిధి అటు ఉంటుంది. మామూలుగా ఏ గుళ్ళోనైనా నంది చూపు శివుడి మీదే ఉంటుంది. కాబట్టి శివుణ్ణి పెకలించారు. కింద ఏమీ లేకపోయేసరికి, నంది అబద్ధమాడిందని నంది పొట్ట పగలగొట్టారు. ఊరి నడుమ బొడ్రాయినీ వదల్లేదు.

ఇందులో నిజం బొత్తిగా లేకపోలేదు, అదే కొంప ముంచింది. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం చేస్తారు, విగ్రహం నిలిపేటప్పుడు పీఠం కింద యంత్రం, నవరత్నాల పొడి ముక్కలు, ఇంత బంగారు రేకు వేస్తారు. భక్తులు వేసే ఆ కాస్త రేకు తూకంలో ఏపాటిదో కంసాలిని అడిగితే చెబుతాడు. దానికోసం టన్నుల బరువున్న రాళ్ళను క్రేన్ కట్టి లాగుతారు. డీజిలు ఖర్చు కూడా గిట్టదు. రామప్ప గుడికి 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ రామప్ప చుట్టూ, చెరువు కట్ట మీద, చెట్ల మధ్య ఉన్న చిన్న చిన్న గుళ్ళను ఈ హాబీ ఏం చేసిందో స్టేటస్‌లో పెట్టలేదు. తాడ్వాయి వైపు దామరవాయి అడవిలో రాకాసి గుళ్ళున్నాయి. పెద్ద పెద్ద బండలతో కట్టిన ఇనుప యుగపు సమాధులు. వాటిలో ఉండేవి ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. మనవాడు వాటినీ వదల్లేదు, బండల్ని తోసి, కుండల్ని పగలగొట్టి, బంగారం పెట్టి చావలేదని చచ్చినవాళ్ళనే తిట్టుకుంటూ పోయాడు.

ఏం పోతే ఏమైంది, రాళ్ళే కదా అనేవాళ్ళుంటారు. సరే, రాళ్ళ సంగతే చూద్దాం. బయ్యారం చెరువు దగ్గర ఒక రాయి. గణపతిదేవుడి సోదరి మైలాంబ ఆ చెరువు తవ్వించి వేయించిన శాసనం. కాకతీయుల వంశం ఎవరితో మొదలై ఎట్లా వచ్చిందో వరసగా చెప్పింది ఆ రాయి. నల్లగొండ వైపు చందుపట్లలో ఇంకో రాయి. 1289 నాటిది. రుద్రమదేవి చనిపోయిందన్న కబురు మనకు ఆ రాయి నుంచే తెలిసింది. అంతటి రాణి పోతే, ఆమెకు పుణ్యం కలగాలని ఎవరో దానం చేసి చెక్కించిన నాలుగు వాక్యాలే ఆధారం. ఈ రెండు రాళ్ళనూ మనవాడు ముందుగా చూసి ఉంటే ఏమయ్యేది? రుద్రమ్మ ఇప్పటికీ చచ్చిపోయి ఉండేది కాదు. సినిమావాళ్ళకు ఇంకో భాగం తీసే అవకాశం దక్కేది.

పోనీ కాకతీయుల బంగారమే కావాలంటారా? ఆలస్యమైంది. ఏడు వందల ఏళ్ళు ఆలస్యం. 1310లో మాలిక్ కాఫుర్ ఓరుగల్లు కోటను చుట్టుముట్టి, ప్రతాపరుద్రుడి ఖజానా ఊడ్చుకొని ఢిల్లీ పోయాడు. వెయ్యి ఒంటెలు ఆ బరువుకు మూలిగాయని అమీర్ ఖుస్రో రాశాడు. ఒంటెల మీద ఎక్కనిదేమన్నా ఉంటే 1323లో ఉలుగ్ ఖాన్ వచ్చి, అది కూడా చూసి వెళ్ళాడు. వాళ్ళకు డిటెక్టర్లు లేవు, అయినా పని శుభ్రంగా చేశారు. ఖజానా ఎక్కడుందో రాజునే అడిగారు. ఇంతకూ ఆ రాజులు సొమ్మంతా భూమిలో పాతేవాళ్ళు కారు. గణపతిదేవుడి కాలంలో గుట్టల మధ్య కట్ట పోసి పాకాల చెరువు నిలిపారు. నర్సంపేట పక్కనే, ఖానాపురం మండలంలో, పట్టపగలు అందరికీ కనిపించేట్టు. దాని మీద మనవాడు డిటెక్టరు పెడితే కుయ్‌మనదు.

ఈ పిచ్చి ఊళ్ళవాళ్ళకే పట్టిందనుకుంటే సర్కారును తక్కువ చేసినట్టవుతుంది. 2011లో తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి గుడి నేలమాళిగలు తెరిచారు. ఆ వార్త టీవీలో చూసినప్పటి నుంచి దేశంలో ప్రతి గుడికీ నేలమాళిగ ఉందనే నమ్మకం కుదిరింది. 2013లో ఉత్తరప్రదేశ్, ఉన్నావ్ జిల్లాలో ఒక బాబాకు కల వచ్చింది. 1857 తిరుగుబాటులో ఉరికంబమెక్కిన రాజుగారు కలలోకి వచ్చి, దౌండియా ఖేడా కోట కింద వెయ్యి టన్నుల బంగారం ఉందన్నారు. అప్పటికి రిజర్వు బ్యాంకు దగ్గరున్న మొత్తం బంగారం 557 టన్నులు. కలలో కూడా రాజుగారు కాస్త తగ్గించి చెప్పలేదు. అయినా కేంద్ర పురావస్తు శాఖ కుంచెలు, తాపీలు పట్టుకొని వెళ్ళింది. టీవీ వ్యాన్లు, మిరపకాయ బజ్జీల బండ్లు, పోలీసు బందోబస్తు. చివరికి బయటపడ్డవి కుండ పెంకులు, ఇనుప మేకులు, గాజు ముక్కలు. నిజానికి పురావస్తు శాఖ వెతకాల్సినవి అవే. దేశ చరిత్రలో మొదటిసారి ఒక తవ్వకంలో తాము వెతకాల్సినవి దొరికినందుకు ఆ శాఖ సిగ్గుపడాల్సి వచ్చింది.

ఆ సరదా ఆంధ్రకూ వచ్చింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే గుప్తనిధుల తవ్వకం సాగింది. ఊరివాళ్ళు అడ్డుపడ్డారు, పత్రికలు రోజూ రాశాయి. బంగారం రాలేదు. అదే పని రాత్రిపూట నలుగురు చేస్తే ముఠా. పగటిపూట పర్మిషన్‌తో చేస్తే పథకం.

నిజంగా నిధి దొరికిన ముచ్చట కూడా చెప్పాలి, లేకపోతే మనవాడు కోప్పడతాడు. 2021 ఏప్రిల్‌లో, వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గర పెంబర్తిలో. ఇత్తడి పనికి పేరున్న ఊరు. వెంచరు వేయడానికి భూమి చదును చేస్తుంటే జేసీబీ పళ్ళకు రాగి బిందె తగిలింది. డిటెక్టరు లేదు, అంజనం లేదు, అమావాస్య చూడలేదు. బిందెలో ఐదు కిలోల బంగారమని మధ్యాహ్నానికల్లా వాట్సాప్ తేల్చేసింది. అధికారులు తూకం వేసేసరికి బంగారం ఇరవై తులాలలోపు, వెండి కిలోన్నర పైచిలుకు. కొబ్బరికాయలు కొట్టి పూజలు చేశారు. విషయం కలెక్టరు దాకా వెళ్ళింది, బిందె సర్కారుకు చేరింది. ఆ వారం జిల్లాలో డిటెక్టర్లకు గిరాకీ పెరిగిందో లేదో నేను చూడలేదు. జేసీబీలను చూసే చూపు మాత్రం మారింది.

నిధి మాటొచ్చినప్పుడల్లా పేపర్లు, ఆఫీసులు తిరగేసేది 1878 నాటి చట్టాన్ని. తెల్లదొరలు రాసింది. పది రూపాయలకు మించిన విలువైనది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి అంటుంది. నూట యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా ఆ పది రూపాయలను ఎవరూ పెంచలేదు. నర్సంపేట బస్టాండులో ఒక చాయ్‌కి సరిపోతుంది. కానీ అసలు తమాషా తర్వాతి సెక్షన్లలో ఉంది. హక్కుదారెవడూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికే, ఒక వంతు భూమి ఆసామికి. సర్కారుకు కావాలంటే లోహం ధర కట్టి, పైన ఐదో వంతు కలిపి కొనుక్కోవాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. ముప్పావు వంతు! ప్లాట్ల బ్రోకరుకు కూడా రెండు శాతమే వస్తుంది. ఇంత ధర్మంగా ఉన్న చట్టాన్ని వదిలేసి మనవాడు అర్ధరాత్రి ముళ్ళకంపల్లో పాకుతాడెందుకు?

ఎందుకంటే, నిధికి కాపలా ఉన్న ఏడు పడగల నాగుపాము మీద మనవాళ్ళకున్న నమ్మకం ఆఫీసు మీద లేదు. పాముతో బేరం కుదురుతుంది. ఒక నల్లకోడి, ఒక సీసా, రెండు నిమ్మకాయలు, అయిపోయింది. ఆఫీసులో ఏ సీటుకు ఏ కోడో తెలియదు. దరఖాస్తు ఇచ్చినవాడే నిందితుడవుతాడు. రేపొద్దున పోలీసులొచ్చి మిగతా బిందె ఎక్కడ పెట్టావురా అని అడుగుతారు. నిజాయితీగా రెండు నాణేలు అప్పగించిన రైతును నాలుగు నాణేలు దాచాడన్న అనుమానంతో చూసే రాజ్యంలో, మూడు వంతుల వాటా కాగితం మీద బాగుంటుంది. దొంగలకు ఈ దేశంలో ఇంతకంటే పెద్ద మద్దతు లేదు. ఇక రక్షణ అంటారా, దానికి నీలం బోర్డు ఉంది. ఈ కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని రాసి ఉంటుంది. చదివేవాడు ఉండడు, కాపలావాడు ఉండడు. అడవిలో దారి తప్పిన నిధుల జట్టుకు గుడి ఎటో చూపేది ఆ బోర్డే.

మరి మనవాడు ఫోన్లో చూసే ఆ తెల్లోళ్ళ సంగతి? 1992 నవంబరులో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో, హాక్స్‌న్ అనే పల్లెలో, ఒక రైతు పొలంలో సుత్తె పోగొట్టుకున్నాడు. ఎరిక్ లాస్ అనే స్నేహితుడు డిటెక్టరుతో దాన్ని వెతకబోయాడు. వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు తగిలాయి. నాలుగు పారల మట్టి తీసి, ఇది మనవల్ల అయ్యే పని కాదని ఆగిపోయి కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తువాళ్ళు వచ్చి, పెట్టె పెట్టెగా, అది పాతిననాటి వరస చెడకుండా పైకి తీశారు. రోమను కాలపు నాణేలే పద్నాలుగు వేలు పైచిలుకు. లాస్‌కు పదిహేడున్నర లక్షల పౌండ్లు ఇచ్చారు, ఆయన రైతుతో పంచుకున్నాడు. పేరు లాస్, వచ్చింది లాభం. సుత్తె కూడా దొరికింది, నిధితో పాటు అది కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. మనవాడు ఈ వీడియోను చివరిదాకా చూడడు. "ఆగిపోయి" అన్న చోట తీసేసి ఇంకోటి పెడతాడు.

అట్లాగని తెల్లోళ్ళను నెత్తికెక్కించుకోనక్కర్లేదు. 2015లో అక్కడ కూడా ఇద్దరు హాబీ రాయుళ్ళు ఆల్ఫ్రెడ్ రాజు నాటి నాణేల కుప్పను సర్కారుకు చెప్పకుండా దొంగబేరం పెట్టి, 2019లో కోర్టులో ఏళ్ళకేళ్ళ శిక్షలు వేయించుకున్నారు. ఇక ఆ దేశపు మ్యూజియం నిండిందే డిటెక్టర్లు పుట్టకముందు. 1790ల చివర్లో మెకంజీ దొర అమరావతి దీపాలదిన్నెను చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ గొయ్యి, అందులో నీళ్ళు. ఇటుకల కోసం, రాళ్ళ కోసం మనవాళ్ళే తవ్వుకున్నారు. బుద్ధుడి కథలు చెక్కిన సున్నపురాతి పలకలు కొన్ని సున్నం బట్టీకి పోయాయి, మరికొన్ని దొరల ఓడలెక్కి లండన్‌కు పోయాయి. కాల్చినవాడికీ తీసుకుపోయినవాడికీ మధ్య బుద్ధుడికి మిగిలింది పేరొక్కటే. గుడి ముందు గడ్డపార పట్టుకున్న మనవాడికి ఈ రెండు తరహాలూ వంశపారంపర్యంగా వచ్చాయి.

అయినా హాబీకి మర్యాద తెచ్చినవాళ్ళు మనలోనూ ఉన్నారు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో, వానకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన నాణేలను సంగనభట్ల నరహరి ఏరి దాచారు. అమ్ముకోలేదు, కరిగించలేదు. పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితుల చేతిలో పెట్టారు. ఆ చిన్న చిన్న బిళ్ళల మీద గోబద, నారన లాంటి పేర్లు చదివారు. శాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరూ చదివారు. శాతవాహనుల మొదళ్ళ కోసం పైఠన్ వైపే చూస్తున్న చరిత్రకారులు తలతిప్పి తెలంగాణ వైపు చూడాల్సి వచ్చింది. గడ్డపార లేదు, అమావాస్య లేదు. ఆ నాణేలు ఫలానా ఒడ్డున, ఫలానా ఊళ్ళో దొరికాయన్న సంగతి తెలుసు కాబట్టే వాటికి విలువ. అదే నాణెం నర్సంపేట లాడ్జీ గదిలో జేబురుమాల్లోంచి బయటికొస్తే సీసం ముక్క.

నవ్వు ఇక్కడ ఆపాలి. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. గుప్తనిధులు తీసి పెడతానని నమ్మించి, డబ్బో భూమో రాయించుకొని, తర్వాత మనుషుల్ని అడ్డు తొలగించుకున్నాడని, పదకొండు మందిని చంపాడని కేసు. చనిపోయినవాళ్ళు అత్యాశాపరులని తీసిపారేయడం తేలిక. అప్పులున్నవాళ్ళు, కూతురి పెళ్ళి ముందున్నవాళ్ళు, పంట పోయినవాళ్ళు కూడా ఈ వలలో పడతారు. బిందె నమ్మకం లేనిదే మర్నాడు లేవబుద్ధి కాని ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. స్వామి ముందు ఆ ఇళ్ళ జాబితా రాసుకుంటాడు, గుళ్ళ జాబితా తర్వాత.

పుస్తెలతాడు లెక్క బాకీ ఉంది కదా. మిషనుకు ముప్పై వేలు. అంజనానికి పదకొండు వేలు. శాంతికి ఇరవై ఒక్క వేలు, నిధి జరిగింది కాబట్టి మళ్ళీ శాంతికి ఇరవై ఒక్క వేలు. కారు డీజిలు, క్వార్టర్లు, కోళ్ళు. పట్టుబడ్డాక వకీలు. డిటెక్టరు మొదటి రోజున పట్టుకున్న ఆ బంగారం ఇప్పుడు బంగారం మీద అప్పులిచ్చే కంపెనీ లాకర్లో ఉంది. నిధి అంటే ఇదీ: ఇనుప తలుపు, రెండు తాళాలు, గేటు దగ్గర తుపాకీతో కాపలా. గడువు దాటితే వేలం.

ఇంతమంది ఇంత తవ్వినా కలెక్టరుకు ఒక్క నోటీసన్నా పోలేదంటే బాగుండదు. 1878 చట్టం చెప్పిన పద్ధతిలో నేనే ఒకటి రాసి పెట్టాను. మా చుట్టుపక్కల పాడుపడ్డ ఏ గుడికైనా సరిపోతుంది, ఖాళీల్లో ఊరి పేరు నింపుకుంటే చాలు.

"కలెక్టరు గారికి. దొరికినది: శాసనం ముక్క ఒకటి, నంది కాలు ఒకటి, గడ్డపార ఒకటి. దొరికిన చోటు: గర్భగుడి ఉండిన జాగ. దొరికిన తేదీ: అమావాస్య మర్నాడు పొద్దున, పశువులు తోలుకుపోయినవాళ్ళు చూసినప్పుడు. విలువ: గడ్డపార వరకు పది రూపాయల పైనే ఉంటుంది, మిగతా వాటికి మార్కెట్ రేటు లేదు. వాటాలు: చట్ట ప్రకారం మూడు వంతులు ముందుగా వచ్చినవారు విరగ్గొట్టి తీసుకుపోయారు. భూమి ఆసామి శివుడు. ఆయనకు రావాల్సిన పావు వంతు పానవట్టం అక్కడే పడి ఉంది, ముట్టినట్టు రసీదు రాయించుకోగలరు."